వడ్ల మీద సన్న చక్రాలు

మైపాడు సముద్రపు ఒడ్డున, సైకిలు పందెం ముగిసిన మధ్యాహ్నం, షామియానా కింద జరిగిన విచారణకు హాజరైనవారిని కూర్చున్న వరుసలోనే పేర్కొంటున్నాను. బల్ల వెనుక నడిమి కుర్చీలో కిషోర్ బాబు. సైకిలు క్లబ్బు అధ్యక్షుడు, నెల్లూరులో ఖరీదైన సైకిళ్ళ దుకాణానికి యజమాని. ఆయన కుడిపక్కన క్లబ్బు కార్యదర్శి, నా కుమారుడు నరేంద్రబాబు. ఎడమపక్కన పందెంలో మొదట చేరిన ఫ్రెడ్డీ, కాలేజీలో వ్యాయామ అధ్యాపకుడు. బల్లకు ఎదురుగా ఫిర్యాదుదారు పెంచలప్రసాద్, నాలుగోవాడిగా చేరినవాడు. అతనికి కొంచెం ఎడంగా, మూడో స్థానంలో చేరిన నా కోడలు సాయిలక్ష్మి. ఆమె కూర్చోలేదు, ఆమెకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. వెనుక వరుసలో నా భార్య వెంకటశేషమ్మ, ఆమె పక్కన నేను. నా పేరు హజరత్తయ్య. సబ్ జడ్జిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను.

ఆ పందేనికి ప్రధాన న్యాయనిర్ణేతగా క్లబ్బువారు నన్నే నియమించారు. ఫిర్యాదు నా కోడలి మీద వచ్చిన క్షణాన ఆ బాధ్యతనుండి నేను తప్పుకున్నాను. పక్షాలకు బంధువైనవాడు పీఠం మీద కూర్చోరాదన్నది నేను జీవితమంతా పాటించిన నియమం. నియమం పాటించినందుకు విచారం లేదు. అయితే నేను ఖాళీ చేసిన కుర్చీలో సైకిళ్ళు అమ్ముకునేవాడు కూర్చున్నప్పుడు, ఆయనకు అటువంటి నియమం ఏదీ అడ్డురాలేదన్న సంగతి ఇప్పటికీ నా కడుపు మండిస్తూనే ఉంది.

సంగతి ఆ యేటి కోతల కాలంలో మొదలైంది.

మా ఇల్లు ఇందుకూరుపేటలో. కొంత మాగాణి, కొంత రొయ్యల గుంటలు చూసుకుంటూ మా అబ్బాయి రొయ్యల మేత దుకాణం నడుపుతాడు. కోడలు నా భార్యకు స్వయానా మేనకోడలు. ఆమె గుంటల నీళ్ళు పరీక్షించే పని చేస్తుంది. తెల్లవారగానే హ్యాండిలుకు బుట్ట కట్టుకుని, అందులో గాజు సీసాలు పెట్టుకుని, గట్ల మీద గుంట నుంచి గుంటకు సైకిలు మీద తిరుగుతుంది. గట్టు తెగి తూము అడ్డమొచ్చిన చోట సైకిలు భుజాన వేసుకుని దాటుతుంది. ఆ గట్ల మీదికి కారు పోదు, మోటారు సైకిలు పోతే జారి గుంటలో పడుతుంది. ఆమె సైకిలు ఇనుపది, బరువైనది, మడ్‌గార్డులు, క్యారియరు ఉన్నది. ఊళ్ళో పాలవాడి సైకిలుకూ దానికీ తేడా చెప్పడం కష్టం.

మా అబ్బాయి ఆ కాలంలోనే నెల్లూరు క్లబ్బులో చేరి, కిషోర్ బాబు దుకాణంలో ఒక నల్లటి సైకిలు కొన్నాడు. దాని ఖరీదు ఇక్కడ రాయను. రాస్తే చదివేవారు నన్ను అతిశయోక్తిపరుడనుకుంటారు. దాన్ని ఆరుబయట ఉంచితే ఉప్పుగాలి తగులుతుందని హాల్లో, నా పడక కుర్చీకి ఎదురుగా పెట్టాడు. ఇంటికి వచ్చినవారందరికీ దాన్ని ఒక్క వేలితో ఎత్తి చూపించేవాడు.

"ఎత్తేదానికి తేలిగ్గానే ఉండాది గదరా," అన్నది నా భార్య ఒకనాడు గిన్నెలు సర్దుతూ. "తొక్కేటప్పుడు దాని మీద నువ్వు కూర్చుంటావే, ఆ బరువు ఎవరు మోస్తారు?"

"నీకు తెలియదులేమ్మా. ఇది గాలిని కోసుకుంటా పోతుంది."

"మన గాలినా?" అన్నది సాయిలక్ష్మి నవ్వి. "మన సముద్రం గాలి దేన్నీ కోసుకోనియ్యదు బావా. తల వంచాల్సిందే."

మా వాడికి ఆ నవ్వు రుచించలేదు. కొంతకాలంగా అతనికి భార్య పని మీదనే గుర్రు. దుకాణానికి వచ్చే రైతులు "మీ ఆవిడ పొద్దున్నే మా గట్టు మీద కనబడింది" అంటే అతనికది నామోషీ. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట బయటికే వచ్చింది.

"నరేంద్రబాబు పెళ్ళాం సీసాలు గిలకరించుకుంటా పాలాయన మాదిరి సైకిలు తొక్కుతుంటే నాకెట్ట ఉంటాది? షాపులో గల్లా దగ్గర కూర్చో. ఏసీ ఉండాది, ఫ్యానుండాది."

"నేను చదివింది గల్లా దగ్గర కూర్చునేదానికి కాదు గదా."

"అయితే ఒక పని చెయ్. మా క్లబ్బు పందెం పెడతా ఉండాది, నెల్లూరు నుంచి మైపాడు దాకా. ఎవరైనా రావచ్చు, ఏ సైకిలైనా తేవచ్చు. నువ్వూ రా. నాకంటే ముందు చేరినావంటే ఈ మాట మళ్ళీ ఎత్తను. చేరకపోతే మర్నాటి నుంచి షాపు."

నేను కల్పించుకుని, ఒక మనిషి జీవనోపాధిని పందెంలో ఒడ్డడం అనాగరికమనీ, ఇది మహాభారతంనాటి సభ కాదనీ గట్టిగానే చెప్పాను. కానీ అప్పటికే సాయిలక్ష్మి మజ్జిగ గిన్నె అతని వైపు జరిపి, "సరే" అన్నది. అంతే. ఆ ఒక్క మాట తరువాత ఆమె మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. మర్నాడు ఎప్పటిలాగే గుంటల మీదికి పోయింది.

మా అబ్బాయి సైకిలు సీటు ఎత్తు సరిచేయడానికి ఆ వారంలోనే ఫ్రెడ్డీ మా ఇంటికి వచ్చాడు. అతని సైకిలు కూడా ఖరీదైనదే. నేను ఊరుకోలేక అడిగాను.

"ఫ్రెడ్డీ, సూటిగా సమాధానం చెప్పు. ధర ఎక్కువైతే వేగం ఎక్కువవుతుందా?"

"కొంచెం అవుతుంది సార్," అన్నాడతను నిజాయితీగా. "అయితే ఖరీదైన సైకిలు వేగాన్ని పుట్టించదు. మనలో ఉన్న వేగాన్ని వృథా కాకుండా మిగిలిస్తుంది. లేనిదాన్ని ఏం మిగిలిస్తుంది చెప్పండి?"

"మరి గాలి మాట?"

"గాలికి సైకిలు రేటు తెలియదు సార్. మనం దాని ఎదుట ఎంత వెడల్పుగా కూర్చున్నామో అదే తెలుసు."

ఇలా అంటూ అతను మా వాడి పొట్ట వైపు చూడకుండా ఉండటానికి పడిన ప్రయాస నేను గమనించాను. లోపలి నుంచి నా భార్య నవ్వు వినిపించింది.

పందెం ఒక ఆదివారం ఉదయం, ఎండ ఎక్కకముందే అనుకున్నారు. మా ప్రాంతంలో కోతల కాలంలో మిషను కోసిన పచ్చి వడ్లను తారురోడ్డు మీద సగం మేర ఆరబోసుకుంటారు. వాహనాలు తగలకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. పొద్దుగూకితే కుప్పచేసి పట్ట కప్పుతారు. సైకిళ్ళు దాటిపోయేదాకా పట్టలు తీయకుండా ఉంటామని రోడ్డు పొడుగునా ఊళ్ళవారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఒప్పందం ప్రకారం వారు నడుచుకున్నారు. తప్పింది క్లబ్బువారే. జెండా ఊపవలసిన ముఖ్య అతిథి రాలేదు. ఆయన వస్తే గాని మొదలుపెట్టేది లేదన్నాడు కిషోర్ బాబు. తెల్లవారి చల్లగాలి సైకిళ్ళ వెనుక నుంచి సముద్రం వైపు వీచి వీచి ఆగిపోయింది. ఎండ చురుక్కుమన్నాక ఆయన వచ్చాడు, దండ వేయించుకున్నాడు, జెండా ఊపాడు, వెళ్ళిపోయాడు. ఈలోగా రైతులు ఎంతసేపని చూస్తారు? ఎండ ఎవరి దండల కోసం ఆగుతుంది? పట్టలు తీసి వడ్లు పరిచేశారు. సముద్రపు గాలి కూడా లేచింది, ఈసారి సైకిళ్ళకు ఎదురుగా.

నేను మైపాడులో, గమ్యం గీత దగ్గర కుర్చీలో ఉన్నాను. మొదట ఫ్రెడ్డీ వచ్చాడు. అతని వెనుక క్లబ్బు కుర్రవాడొకడు. ఆ తరువాత చాలాసేపు రోడ్డు ఖాళీ. అప్పుడు దూరాన ఒక సైకిలు కనిపించింది. హ్యాండిలు మీదికి వంగిపోయిన మనిషి, గాలికి వెనక్కి కొట్టుకుంటున్న చున్నీ. బుట్ట తీసేసి ఉంది గానీ క్యారియరు అలాగే ఉంది. మోచేతి మీద ముళ్ళు గీరిన ఎర్రని చారలు. నా పక్కన నా భార్య లేచి నిలబడి, "వచ్చిందండీ, మన పిల్ల వచ్చింది!" అని నా భుజం పట్టుకుని ఊపింది. న్యాయనిర్ణేతగా ఉన్న నేను ముఖంలో ఏమీ కనబడనీయకుండా కూర్చున్నాను. అది ఎంత కష్టమైన పనో చెప్పలేను.

ఆమె వెనుక పెంచలప్రసాద్ వచ్చాడు. అతని వెనుక మా అబ్బాయి. పందెం తేలిపోయిందనుకున్నాను.

నీళ్ళయినా తాగకుండా పెంచలప్రసాద్ వెళ్ళి కిషోర్ బాబుకు ఫిర్యాదు చేశాడు. సాయిలక్ష్మి రోడ్డు మీదుగా రాలేదనీ, తనకు తెలిసిన గుంటల గట్ల మీదుగా అడ్డదారిన వచ్చిందనీ దాని సారాంశం. ఆమె మూడో స్థానం రద్దయితే ఆ కప్పు ఎవరికి పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

"ఆధారం?" అని అడిగాడు ఫ్రెడ్డీ, విచారణ మొదలుకాగానే.

"ఆధారం ఎదురుగానే ఉండాది గదన్నా," అంటూ పెంచలప్రసాద్ షామియానా గుంజకు ఆనించిన ఇనుప సైకిలు చూపించాడు. "ఆ డొక్కు బండి మీద, ఎదురుగాలిలో, నా బండిని దాటడం అయ్యే పనేనా? నా బండి ఏందో అధ్యక్షుల వారికి తెలుసు. ఆయనే అమ్మినారు."

"అది నిజమే," అన్నాడు కిషోర్ బాబు, గంభీరంగా తల పంకిస్తూ. "టెక్నికల్‌గా చూస్తే అసాధ్యం."

నా ఉద్యోగకాలంలో దొంగసాక్ష్యాలు చూశాను, అరువు సాక్ష్యాలు చూశాను. వస్తువు ధరను సాక్ష్యంగా నిలబెట్టడం ఆనాడే చూశాను. వారి వాదనలోని కుయుక్తిని చూడండి. ఖరీదైన సైకిలుతోనే వేగం వస్తుందన్నది వారి సిద్ధాంతం. ఒక స్త్రీ చవక సైకిలు మీద ఆ సిద్ధాంతాన్ని అందరి కళ్ళ ముందు పడగొట్టింది. అప్పుడు వారు సిద్ధాంతాన్ని సవరించుకోవాలి గదా! అలా కాక, సిద్ధాంతం సత్యమే గనుక ఆ స్త్రీ దొంగ అయి ఉండాలన్నారు. ఒకవేళ వారి సిద్ధాంతమే సత్యమని ఒప్పుకున్నా, అంత లోటుతో మూడోదిగా చేరిన మనిషికి రెండింతల మర్యాద దక్కాలి గాని నింద దక్కడమేమిటి? ఇదంతా చెప్పడానికి లేచాను.

"అంకుల్ గారూ, మీరు తప్పుకున్నారు గదా," అన్నాడు కిషోర్ బాబు చేతులు జోడించి. "దయచేసి కూర్చోండి."

నియమం నాదే. కూర్చున్నాను. నా భార్య మాత్రం లేచి, తన ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని ముందుకు పోయి, సాయిలక్ష్మి వెనుక ఠక్కున పెట్టింది. "దొంగలకైనా కూర్చునేదానికి చోటిస్తారు. కూర్చోవే," అని చెప్పి తిరిగి వచ్చి నా పక్కన నిలబడింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు వైపు నుంచి కేకలు వేసుకుంటూ మాలకొండమ్మ వచ్చింది. కౌలుకు చేసుకునే మనిషి. ఆమె వడ్లు మైపాడుకు ఇవతల మలుపులో ఆరబోసి ఉన్నాయి.

"ఎవురయ్యా మీలో పెద్దాయన? గంజి తాగొద్దామని ఇంటికి పోయినా. వచ్చి చూస్తే నా వడ్ల మీద సైకిళ్ళు తోలేసినారు! రాళ్ళు యాడియాడో పోయినాయి, గింజలు దుమ్ములో కలిసినాయి. సన్న చక్రాలు, కత్తిపెట్టి గీసినట్టు ఉండాయి గీతలు. అన్నం తినే మనుషులేనా మీరు?"

"ఉండమ్మా, ఇక్కడ వేరే విషయం నడుస్తా ఉంది," అన్నాడు కిషోర్ బాబు.

"వేరే విషయం కాదన్నా, ఇదే!" పెంచలప్రసాద్ ఉత్సాహంగా ముందుకు వచ్చాడు. "ఆ మలుపులో కోత మిషను ఎదురొచ్చి మిగతా సగం రోడ్డు మూసేసింది. వడ్ల మీంచి తప్ప దోవ లేదు. అందుకే మా చక్రాల గుర్తులుండాయి. ఏమ్మా, లావు చక్రం గుర్తు ఉండాదా ఒక్కటైనా?"

"లేదు. అన్నీ సన్నయ్యే."

"విన్నారా? ఆమె చక్రం అక్కడ పడలేదు. అంటే ఆమె ఆ దోవన రానేలేదు!"

మాలకొండమ్మ అతన్ని కిందనుంచి మీదిదాకా చూసింది. "ఓహో, నువ్వేనా నాయనా నా వడ్లు తొక్కింది? సాక్ష్యం బాగానే చెప్తా ఉండావు!"

షామియానా కింద నవ్వులు లేచాయి. పెంచలప్రసాద్ ముఖం ముడుచుకున్నాడు గాని అతని వాదన మాత్రం ముడుచుకోలేదు. కిషోర్ బాబు సాయిలక్ష్మి వైపు తిరిగాడు. "చెప్పండమ్మా. మీ టైరు గుర్తు ఎందుకు లేదు?"

"నేను దిగినా," అన్నది సాయిలక్ష్మి. "సైకిలు భుజాన వేసుకుని, పక్కన కాలువ గట్టు మీద తుమ్మకంపలో నుంచి నడిచి అవతల ఎక్కినా. వడ్ల మీద చక్రం ఎట్ట పోనిస్తాం?"

"పందెంలో సైకిలు మోసుకుని నడిచినారా?" కిషోర్ బాబు నవ్వాడు. అతని వెనుక క్లబ్బు టీషర్టులన్నీ నవ్వాయి. "ఎవరైనా చూసినారా?"

"చూసినవాళ్ళు ఉండారు."

"ఎవరు?"

"వాళ్ళే చెప్పాల. నేను పేరు చెప్పి ఎవర్నీ నిలబెట్టను."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. నేను మాత్రం నా కుమారుణ్ణి చూశాను. అతను బల్ల మీది తన హెల్మెట్టు పట్టీని మెలిపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మెలిపెడుతూ ఉన్నాడు. నాకు అర్థమైంది. అర్థమైనకొద్దీ నా ఆగ్రహం పెంచలప్రసాద్‌ను వదిలి, సైకిళ్ళ వ్యాపారిని వదిలి, నా రక్తం మీదికే మళ్ళింది. కట్టుకున్న భార్యను పరాయివాళ్ళు దొంగ అంటుంటే బల్ల వెనుక కార్యదర్శి కుర్చీలో కూర్చుని పట్టీ మెలిపెట్టుకునేవాణ్ణా నేను పెంచింది! గింజ మీద కాలు పడితే వంగి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాడేనా వీడు?

"నోరు లేని ఎద్దు," అన్నది నా భార్య, వినబడేటట్లే.

కిషోర్ బాబు గొంతు సవరించుకున్నాడు. "సాక్షులు ఎవరూ లేరు కాబట్టి, మూడో స్థానాన్ని..."

"ఆమె ఆ దోవనే వచ్చింది," అన్నాడు నరేంద్రబాబు.

గట్టిగా కాదు. మైకు అతని ముందే ఉన్నా అందులో కాదు.

"ఏంది నరేంద్రా?"

"ఆమె ఆ దోవనే వచ్చిందన్నా. అప్పటిదాకా నా ముందరే ఉండింది. మిషను ఎదురొస్తానే దిగి సైకిలు ఎత్తుకుంది. నేను దిగలేదు. వడ్ల మీద పోనిచ్చినా, ఈ పెంచల్ వెనకాలే. ఆమెను దాటిపోయేదానికి అదే అదను అనుకున్నా." కొంచెం ఆగాడు. "దాటినా గూడా. మళ్ళీ వచ్చి నన్ను దాటేసింది. తల వంచుకుని పోయింది, నా వైపు చూడను గూడా చూడలేదు. నేను వంగలేకపోయినా. పెంచల్‌ని గూడా నా కళ్ళెదుటే దాటింది."

"నరేంద్రా, ఆలోచించి మాట్లాడు."

"ఆలోచించబట్టే ఇంతసేపు పట్టిందన్నా."

అతను మెడలోని కార్యదర్శి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్రెడ్డీ మూడో కప్పు తీసుకుని, కిషోర్ బాబు అనుమతి కోసం చూడకుండా, నేరుగా వెళ్ళి సాయిలక్ష్మి చేతికిచ్చాడు. మధ్యాహ్నం ఎండలో చప్పట్లు పలచగా వినిపించాయి. మా జిల్లాలో ఇటువంటి వాటికి ఎక్కువ చప్పట్లు రావు. కిషోర్ బాబు "సర్దుకుందాం, అంతా మనవాళ్ళే" అన్నాడు. నేరం రుజువైన తరువాత సర్దుబాటు మాట ఎత్తేవారిని నేను ఏనాడూ గౌరవించలేదు. ఆనాడూ ఆయనతో కరచాలనం చేయకుండానే లేచాను.

వచ్చేటప్పుడు ఆ మలుపులో కారు ఆపించాడు మా అబ్బాయి. మాలకొండమ్మ అప్పటికే చీపురు పట్టుకుని దుమ్ములోంచి గింజలు ఊడుస్తూ ఉంది. చెప్పులు కారులోనే విడిచి, అతను రోడ్డు అంచున గొంతుకూర్చుని రాళ్ళు మళ్ళీ పేర్చడం మొదలుపెట్టాడు. సాయిలక్ష్మి చేట అందుకుంది.

"అబ్బయ్యా," అన్నది మాలకొండమ్మ నడుము నిమురుకుంటూ, "ఆ నల్ల సైకిలు మాకు ఇచ్చి పో. వడ్ల దగ్గర నిలబెడతా. కాకులు బెదురుతాయి."

సాయిలక్ష్మికి నవ్వు ఆగలేదు. కొంతసేపటికి మా వాడికీ ఆగలేదు.

ఆ నల్ల సైకిలు ఇప్పటికీ మా హాల్లోనే ఉంది. అప్పుడప్పుడు సాయిలక్ష్మి దాన్ని బయటికి తీసి తొక్కుతుంది. దాని మీద ఆమె ఇంకా వేగంగా పోతుందని ఒప్పుకోవడం న్యాయం. ఫ్రెడ్డీ చెప్పిన మాట అక్షరాలా నిజం. కానీ తెల్లవారి గుంటల మీదికి మాత్రం ఇనుప సైకిలే. పందెం మర్నాటి వేకువన నేను వాకిట్లోకి వచ్చేసరికి నా కుమారుడు మోకాళ్ళ మీద కూర్చుని దాని వెనుక చక్రానికి గాలి కొడుతున్నాడు. నన్ను చూసి కూడా పంపు ఆపలేదు.

అతని మీద నా ఆగ్రహం పూర్తిగా చల్లారిందని నేను చెప్పను. ఆలస్యంగా చెప్పిన సత్యానికి ఆలస్యపు మచ్చ ఉంటుంది. అయినా, ఏ సాక్ష్యం చెబితే తన ఓటమి, తన తప్పు, తన పందెం మూడూ ఒకేసారి బయటపడతాయో, ఆ సాక్ష్యాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవకముందే, తన క్లబ్బు వారందరి ఎదుట లేచి చెప్పినవాడు నరేంద్రబాబు. న్యాయపీఠం మీద నేను గడిపిన కాలంలో తనకు వ్యతిరేకంగా తానే సాక్షిగా నిలిచినవారిని అరుదుగా చూశాను. వారెవరికీ ఆనాడు కృతజ్ఞత చెప్పే అధికారం నాకు లేకపోయింది. ఇప్పుడు ఏ అధికారమూ అడ్డు లేదు గనుక, వెంకటశేషమ్మ, సాయిలక్ష్మి ఎరుకలో, నా కుమారుడు నరేంద్రబాబు ఆనాడు చేసిన ఈ పనిని గౌరవంతో గుర్తించి, ఇక్కడ నమోదు చేస్తున్నాను.